మోకాలి గుజ్జు మళ్ళీ పెరుగుతుందా? ఎమ్మారై రిపోర్టు చూసిన తరువాత నాకు కలిగిన సందేహాలు

లెక్కల_టీచరమ్మ (ఎంవీపీ కాలనీ) | ఏప్రిల్ 11, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నా వయస్సు 53 సంవత్సరాలు. ఇరవై ఏడేళ్లుగా బడిలో నిలబడి లెక్కలు చెబుతున్నాను. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింది తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పులు లేకుండా నడవడం పద్నాలుగేళ్లుగా నాకు అలవాటు. నిరుడు హనుమంతవాక దాటాక కుడి మోకాలు పట్టేసి, మిగిలిన దారి ఆటోలో వెళ్ళవలసి వచ్చింది. అప్పటి నుండి మెట్లు దిగేటప్పుడు, ముగ్గు వేసి లేచేటప్పుడు చిప్ప వెనుక కలుక్కుమంటోంది.

ఇటీవల ఎమ్మారై తీయించాను. మోకాలి చిప్ప వెనుక మృదులాస్థి మూడో శ్రేణిలో దెబ్బతిన్నదనీ, లోపలి వైపు మెనిస్కస్‌లో (ఎముకల మధ్య ఉండే మెత్తలో) చిన్న చీలిక ఉన్నదనీ రాశారు. చూపించిన ఒక చోట రెండు నిమిషాల్లో “గుజ్జు అరిగిపోయిందమ్మా” అని తేల్చి, మూడు ఇంజెక్షన్లు వేయించుకుంటే కొత్త గుజ్జు పుడుతుందని చెప్పి, ఖర్చు ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టారు. ఆ అంకె చూసి నేను ఇంటికి వచ్చేశాను. అసలు ఈ గుజ్జు అంటే ఏమిటి, అది ఎలా పాడవుతుంది, మళ్ళీ పెరుగుతుందా అన్నది తెలుసుకోకుండా డబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరించగలరు.

గాజువాక_విశ్రాంత | ఏప్రిల్ 11, రాత్రి 10.25

అమ్మా, నమస్కారం. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు పని చేసి విరమించినవాణ్ణి. నా రెండు మోకాళ్లూ మీ దారిలోనే ఉన్నాయి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే రాస్తున్నాను. నొప్పి మొదలవగానే “అరిగినదాన్ని ఇంకా అరగదీయడం ఎందుకు” అనుకొని రెండేళ్లపాటు నడక పూర్తిగా మానేసి మంచం, కుర్చీ తప్ప మరొకటి ఎరుగకుండా గడిపాను. ఆ రెండేళ్లలో మోకాలు బాగుపడలేదు సరికదా, ప్యాంటు తొడ దగ్గర వదులైపోయి, కుర్చీలో నుండి లేవడానికి మనవడి భుజం పట్టుకోవలసిన స్థితి వచ్చింది. మిగతా వివరాలు చదువుకున్నవారు చెబుతారు.

పాత_అనాటమీ (పెదవాల్తేరు) | ఏప్రిల్ 12, ఉదయం 6.15

టీచరమ్మ గారూ, వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి కనుక, మీ మొదటి ప్రశ్నకు కొంచెం తీరికగా సమాధానం రాస్తాను.

ముందుగా “గుజ్జు” అన్న మాటతోనే నాకు పేచీ ఉంది. మామిడి గుజ్జు, చింతపండు గుజ్జు అన్నట్లుగా ఆ మాట వినగానే, తగ్గితే గరిటెతో నింపుకొనే మెత్తని పదార్థమేదో కీలులో ఉన్నదని మనసుకు తోస్తుంది. ఇంజెక్షన్ల వ్యాపారం సగం ఆ మాట మీదనే నడుస్తోందని నా అనుమానం. మీరు మాంసాహారులైతే, ఈ ఆదివారం మటన్ కొట్టులో మోకాలి కీలును కొట్టకుండా ఇమ్మని అడిగి తెచ్చుకొని విప్పి చూడండి. శాకాహారులైతే నా మాట నమ్మండి. ఎముక కొస మీద నీలిఛాయ కలిసిన తెల్లని పొర, తడి ఆరని కొత్త పింగాణీలా మెరుస్తూ కనిపిస్తుంది. దాని మీద వేలు జారిపోతుంది. గోరు గుచ్చితే కొద్దిగా లొంగి మళ్ళీ సర్దుకుంటుంది. చాకుతో గీరితే రక్తం బొట్టు కూడా రాదు. అదే మృదులాస్థి. మనిషి మోకాలిలో చాలా చోట్ల అది రెండు నుండి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మీకు దెబ్బతిన్న చిప్ప వెనుక భాగంలో శరీరంలోకెల్లా మందంగా ఉంటుంది.

దాని లోపలి అమరికను నేను తరగతిలో సబ్జా గింజలతో చెప్పేవాణ్ణి. గుప్పెడు సబ్జా గింజలను గట్టి గుడ్డలో వదులు లేకుండా మూట కట్టి నీళ్లలో వేశారనుకోండి. గింజలు నీటిని పీల్చి ఉబ్బాలని చూస్తాయి, గుడ్డ వాటిని ఉబ్బనివ్వదు, ఆ పెనుగులాటలో మూట బిగిసి గట్టిపడుతుంది. మృదులాస్థిలో ఆ గుడ్డ పని చేసేది రెండో రకం కొల్లాజెన్ పోగులు. గింజల పని చేసేది అగ్రికాన్ అనే పెద్ద అణువులు, వాటి మీది రుణావేశం నీటిని లాగి పట్టుకుంటుంది. బరువులో 65 నుండి 80 శాతం నీరే. వీటన్నిటినీ తయారుచేసే కాండ్రోసైట్ కణాలు పరిమాణంలో అయిదు శాతం కూడా ఉండవు. ఇంత పెద్ద ఇంటికి అంత కొద్దిమంది పనివాళ్లు అన్నమాట.

ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కనుక ఆహారం కీలు ద్రవం నుండి ఊరి రావలసిందే. అడుగు వేసినప్పుడు పొర నొక్కుకొని కొంత నీరు బయటకు వస్తుంది, అడుగు ఎత్తినప్పుడు తాజా ద్రవం లోపలికి వెళుతుంది. కాబట్టి కదలికే దానికి భోజనం. గాజువాక పెద్దాయన రెండేళ్ల విశ్రాంతి ఎందుకు మేలు చేయలేదో దీన్నిబట్టి తెలుస్తుంది. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలని వారిలో ఏ గాయమూ లేకుండానే మోకాలి మృదులాస్థి పలుచబడడం కొలిచి చూశారు. నరాలు లేవు కనుక పొర పైపైన అరిగినంత కాలం మనకు తెలియదు. మనకు తెలిసే నొప్పి దాని కింది ఎముక నుండి, కీలు లోపలి పొర వాపు నుండి, చుట్టుపక్కల కణజాలం నుండి వస్తుంది. ఒకే రకం ఎమ్మారై ఉన్న ఇద్దరిలో ఒకరు కుంటుతూ, మరొకరు హాయిగా నడుస్తూ కనిపించేది అందుకే.

మళ్ళీ పెరుగుతుందా అంటే, 1743లోనే విలియం హంటర్ అనే శస్త్రవైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో, ఒకసారి నశించిన మృదులాస్థి తిరిగి బాగుపడదని రాశాడు. ఆ మాటకు 2016లో మరొక దిక్కు నుండి బలం దొరికింది. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన రేడియోధార్మిక కార్బన్ ఆ కాలంలో పెరిగినవారి కణజాలాలలో గుర్తుగా నిలిచిపోయింది. ఆ గుర్తును బట్టి మోకాలి మృదులాస్థి వయస్సు లెక్కగట్టిన డెన్మార్క్ పరిశోధకులు, ఎదుగుదల ఆగిన తరువాత అందులోని కొల్లాజెన్ దాదాపుగా మారదని తేల్చారు. అంటే ఈ రోజు మీ మోకాలిలో ఉన్న గుడ్డ మీకు ఇరవై ఏళ్లప్పుడు నేసినదే. గింజలు మాత్రం కొంతవరకు కొత్తవి తయారవుతూనే ఉంటాయి. గుడ్డ చిరగకుండా ఉన్నంత వరకు పొర కోలుకోగలదు, చిరిగిన చోట దాన్ని తిరిగి నేసేవాళ్లు లేరు.

పెందుర్తి_వంటిల్లు | ఏప్రిల్ 12, ఉదయం 11.05

నమస్తే అండి. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులకు రాత్రి బెండకాయలు కోసి నీళ్లలో వేసి, పొద్దున్నే ఆ జిగురు నీళ్లు తాగిస్తున్నారు. మా అత్తగారు నల్లేరు పచ్చడి కూడా వారానికి ఒకసారి చేస్తారు. జిగురు తింటే కీళ్లలో జిగురు పెరుగుతుందని అందరూ అంటారు కదా, ఇందులో నిజం ఎంత?

పాత_అనాటమీ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 3.30

అమ్మా, బెండకాయ జిగురు మొక్క తాలూకు పీచుపదార్థం. పేగుకు మంచిదే, కానీ అది రక్తంలోకి జిగురుగా చేరి మోకాలి దాకా నడిచి వెళ్ళే దారి లేదు. ఎముకల చారులోని కొల్లాజెన్ కూడా కడుపులో ముక్కలుగా విడిపోయాకే ఒంటికి పడుతుంది. కొల్లాజెన్ పోగులు గట్టిపడడానికి సి విటమిన్ తప్పనిసరి అన్నది మాత్రం నిజం. రోజుకొక జామకాయో, ఒక ఉసిరికాయో ఆ అవసరం తీరుస్తుంది. నల్లేరు పచ్చడి రుచికి తినండి. లేత కణుపులే తీసుకొని, చేతికి నూనె రాసుకొని ఈనెలు తీయకపోతే మోకాలి సంగతి ఏమో గాని నాలుక దురద మాత్రం ఖాయం.

మందుల దుకాణంలో అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల గురించి కూడా అడుగుతారు కనుక చెబుతున్నాను. అమెరికాలో 1,583 మంది మీద జరిపి 2006లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద అవి ఉత్తుత్తి మాత్ర కంటే నొప్పిని చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

షటిల్_స్మాష్ (సీతమ్మధార) | ఏప్రిల్ 12, రాత్రి 8.50

నాకు 29 ఏళ్లు. ఇండోర్ కోర్టులో ఎగిరి కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు తిరగబడింది. ఎముకలను కట్టి ఉంచే లోపలి అడ్డ లిగమెంట్ అనే పట్టీ తెగింది, తొడ ఎముక కొస మీద మృదులాస్థి ఒక రూపాయి బిళ్ళకంటే చిన్న ముక్క ఊడిపోయింది. ఆపరేషన్‌లో ఆ ఊడిన చోట ఎముకలో సన్నని రంధ్రాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడంగా పొడిచి, లోపలి మజ్జ రక్తాన్ని పైకి రప్పించారు. తరువాత ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపనివ్వలేదు. ఇప్పుడు నడకకు, సైకిలుకు ఏ ఇబ్బందీ లేదు, ఆట మాత్రం మునుపటిలా లేదు. మృదులాస్థి పెరగదని అంటున్నారు కదా, మరి నాకు పెరిగింది ఏమిటి?

పాత_అనాటమీ | ఏప్రిల్ 13, ఉదయం 6.40

మంచి ప్రశ్న వేశారు బాబూ. రక్తం అందని చోట గాయం మానదు కనుక, ఎముకను పొడిచి రక్తాన్ని అక్కడికి రప్పించడమే ఆ చికిత్స కిటుకు. 1980లలో అమెరికా వైద్యుడు రిచర్డ్ స్టెడ్‌మన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మజ్జలోని కణాలు ఆ గుంటను పూడ్చి ఒక కణజాలం తయారు చేస్తాయి, అయితే అందులో మొదటి రకం కొల్లాజెన్ ఎక్కువ. అది పీచు మృదులాస్థి, మచ్చ కట్టిన చర్మం వంటిది. చిరిగిన పట్టు చీరకు నూలు గుడ్డ మాసిక వేసినట్లు, చిల్లు మూసుకుంటుంది గాని నేత కలవదు. కొన్నేళ్ల తరువాత ఆటగాళ్లలో దాని పటుత్వం తగ్గడానికి అదే కారణం.

ఇంకొక రెండు పద్ధతులు ఉన్నాయి. బరువు పడని చోటు నుండి ఎముకతో సహా చిన్న గుండ్రని ముక్కలు తీసి గుంటలో నాటడం ఒకటి. రోగి సొంత మృదులాస్థి కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, రెండో ఆపరేషన్‌లో తిరిగి పెట్టడం ఇంకొకటి. స్వీడన్ వైద్యులు 23 మందికి చేసిన ఆ చికిత్స ఫలితాలను 1994లో ప్రచురించారు. ఈ మూడూ చుట్టూ ఆరోగ్యమైన పొర ఉండి, మధ్యలో ఒక్క గుంట పడినవారికి, ముఖ్యంగా చిన్న వయస్సువారికి పనికివచ్చేవి. రోడ్డు మధ్యలో ఒక గోతిని పూడ్చవచ్చు, రోడ్డంతా తారు లేచిపోయిన చోట ఆ పని కుదరదు. టీచరమ్మ గారి మోకాలిలో ఉన్నది రెండో రకం అరుగుదలే అని, ఎమ్మారై చూడకుండా తొందరపడి తేల్చను గాని, 53 ఏళ్ల వయస్సులో ఎక్కువగా కనిపించేది అదే.

మీకు మాత్రం ఒక హెచ్చరిక. ఆ లిగమెంటో, మెనిస్కసో తెగినవారిలో దాదాపు సగం మందికి పది ఇరవై ఏళ్లలో కీలు అరుగుదల మొదలవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. దెబ్బ తగిలిన క్షణంలోనే కొన్ని కణాలు చనిపోతాయి, కీలులో వాపు ఉన్నన్నాళ్లూ ఎంజైములు కొల్లాజెన్‌ను కొరుకుతూ ఉంటాయి, పట్టు తప్పిన కీలు అలవాటు లేని చోట బరువు మోపుతుంది. తొడ కండరాలను జీవితాంతం వదలకండి.

లెక్కల_టీచరమ్మ | ఏప్రిల్ 13, రాత్రి 9.10

సబ్జా గింజల పోలిక విన్న తరువాత రిపోర్టు మళ్ళీ చదివితే మొదటిసారి అర్థమైంది, ధన్యవాదాలు. నాకు మెనిస్కస్‌లో ఉన్న చీలికను ఆపరేషన్ చేసి కత్తిరిస్తే నొప్పి పోతుందని కూడా ఆ చోటే చెప్పారు. ఇంజెక్షన్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఫిజియో_మద్దిలపాలెం | ఏప్రిల్ 14, ఉదయం 7.20

మేడమ్ గారూ, నేను ఫిజియోథెరపిస్టును. మీ మోకాలిని పరీక్షించకుండా చెబుతున్న సాధారణ విషయాలివి. నిర్ణయం మీ ఎముకల వైద్యునితో కూర్చొనే తీసుకోవాలి.

మెనిస్కస్ అంటే తొడ ఎముకకు, కింది కాలి ఎముకకు మధ్య నెలవంక ఆకారంలో ఉండే పీచు మృదులాస్థి మెత్త. దాని బయటి అంచుకే రక్తం అందుతుంది. వయస్సుతో వచ్చే చీలికలను కత్తిరించడం ఒకప్పుడు మామూలు విషయంగా ఉండేది. ఫిన్లాండ్‌లో 146 మందిలో కొందరికి నిజమైన ఆపరేషన్, కొందరికి కీలు లోపల కెమెరాతో చూసి, ఏమీ కత్తిరించకుండా కత్తిరించినట్లు నటించిన ఆపరేషన్ చేసి చూస్తే, ఏడాది తరువాత రెండు వర్గాల పరిస్థితీ ఒకేలా ఉందని 2013లో ప్రచురించారు. మోకాలు ముడుచుకొని చాపడానికి రాకుండా నిజంగా ఇరుక్కుపోతే సంగతి వేరు. అప్పుడు ఆలస్యం చేయకూడదు. అలాగే జ్వరంతో కూడిన వాపు వచ్చినా, కాలి మీద బరువు మోపలేకపోయినా ఆ రోజే వైద్యునికి చూపించాలి.

ఇంజెక్షన్లలో ఏది వేస్తామన్నారో ఆ చీటీ మీద చూడండి. స్టెరాయిడ్ అయితే కొన్ని వారాలు నొప్పి, వాపు తగ్గిస్తుంది. కాని మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లపాటు వేసిన పరీక్షలో, మందు లేని ఉప్పునీళ్లు ఎక్కించుకున్నవారి కంటే స్టెరాయిడ్ తీసుకున్నవారిలోనే మృదులాస్థి ఎక్కువ తరిగిందని 2017లో తేలింది. సొంత రక్తం తీసి దానిలోని ప్లేట్‌లెట్లను చిక్కబరచి ఎక్కించే పీఆర్‌పీ అయితే, ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిగిన పరీక్షలో నొప్పి విషయంలోను, మృదులాస్థి విషయంలోను ఉప్పునీళ్లకూ దానికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2021లో ప్రచురించారు. మూలకణాలని చెబితే, మోకాలి అరుగుదలకు వాటిని అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప వాడకూడదని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

బీచ్‌రోడ్డు_పరుగు | ఏప్రిల్ 14, సాయంత్రం 6.30

ఒక్క విషయం అడగాలి. నేను ఆర్కే బీచ్ నుండి పార్కు దాకా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతాను. చూసిన ప్రతివారూ “మోకాళ్లు అరగదీసుకుంటున్నావు” అంటున్నారు. నిజమేనా?

ఫిజియో_మద్దిలపాలెం | ఏప్రిల్ 14, రాత్రి 8.00

మీలా సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవారి విషయంలో అది నిజం కాదు. అనేక అధ్యయనాలను కలిపి 2017లో చూసినప్పుడు తుంటి, మోకాలి అరుగుదల వినోదానికి పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తకుండా కూర్చొని ఉండేవారిలో 10.2 శాతం, పోటీ స్థాయి పరుగువీరుల్లో 13.3 శాతం కనిపించింది. బరువు అసలు పడకపోయినా, మితిమీరి పడినా చేటే. ఇసుకలో పరుగెత్తితే మాత్రం నీరు తగిలి గట్టిపడిన చోట పరుగెత్తండి; ఒడ్డు వాలుగా ఉంటుంది కనుక ఎప్పుడూ ఒకే దిక్కున కాకుండా తిరుగు దారి కూడా అక్కడే పెట్టుకోండి.

టీచరమ్మ గారికి చేయదగినది చెబుతాను. చిప్ప వెనుక నొప్పి ఉన్నవారికి తొడ ముందు కండరం ప్రాణం. మొదటి రెండు వారాలు మంచం మీద కాళ్లు చాపి కూర్చొని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి పది లెక్కపెట్టే దాకా ఉంచి వదలండి. తరువాత మోకాలి ఎత్తు కంటే నాలుగు వేళ్లు ఎత్తైన కుర్చీలో నుండి, చేతులు ఛాతీ మీద కట్టుకొని లేచి, మెల్లగా, కుర్చీకి పిరుదు తగిలీ తగలనట్లుగా కూర్చోండి. పడినట్లు కూలబడకూడదు, కూర్చోవడంలోనే ఎక్కువ పని ఉంది. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఫరవాలేదు. మర్నాటికి కూడా తగ్గకపోయినా, మోకాలు వాచినా మోతాదు తగ్గించాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ముగ్గు నేల మీద గొంతుక్కూర్చొని కాకుండా కొన్నాళ్లు చిన్న పీట మీద కూర్చొని వేయండి.

ఇక బరువు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోను మోకాలి మీద పడే ఒత్తిడి సుమారు నాలుగు కిలోల మేరకు తగ్గుతుందని 2005లో కొలిచారు.

లెక్కల_టీచరమ్మ | ఏప్రిల్ 14, రాత్రి 10.15

ఆ చివరి వాక్యం చదివి కాగితం తీయకుండా ఉండలేకపోయాను. కిలోమీటరుకు 1,400 అడుగులు అనుకుంటే ప్రదక్షిణకు 44,800 అడుగులు, అందులో కుడి కాలి వాటా 22,400. ఒక్క కిలో తగ్గితే నాలుగు కిలోల చొప్పున 89,600 కిలోలు, అంటే దాదాపు తొంభై టన్నుల భారం ఒక్క రాత్రిలో నా కుడి మోకాలికి తప్పుతుంది. ఇంజెక్షన్ల చీటీ చించేశాను. వేరే ఎముకల వైద్యునికి చూపించి, ఆయన ఒప్పుకుంటే వ్యాయామాలు మొదలుపెడతాను.

లెక్కల_టీచరమ్మ | జూన్ 29, రాత్రి 8.30

పదకొండు వారాల తరువాత రాస్తున్నాను. వైద్యుడు ఆపరేషన్ అవసరం లేదన్నారు. మొదటి రోజు చిప్పకు పది సెంటీమీటర్ల పైన టేపు పెట్టి కొలిస్తే కుడి తొడ ఎడమ తొడ కంటే రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంది. ఇప్పుడు తేడా ఒక సెంటీమీటరే. అర నిమిషంలో కుర్చీలో నుండి ఆరుసార్లు లేవగలిగేదాన్ని, నిన్న పదమూడుసార్లు లేచాను. మూడున్నర కిలోలు తగ్గాను. మెట్లు దిగేటప్పుడు కలుకు ఇంకా ఉంది గాని రెయిలింగ్ వెతకడం లేదు. మధ్యలో మే నెలలో ఉత్సాహం ఎక్కువై కైలాసగిరి మెట్లు ఎక్కాను. వారం రోజులు మోకాలు వాచి, మళ్ళీ తువ్వాలు దగ్గరికి వచ్చాను. మళ్ళీ ఎమ్మారై తీయించాలా అని వైద్యుణ్ణి అడిగితే, చిత్రంలో మార్పు కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు, మీరు నడిచే తీరులో కనిపిస్తే చాలు అన్నారు. ఇక మిగిలింది ఒక్కటే: ప్రదక్షిణ.

ఫిజియో_మద్దిలపాలెం | జూన్ 29, రాత్రి 9.45

ఈ ఏడాది ప్రదక్షిణ దూరమంతా నడవడం వద్దండి. తొలిపావంచా నుండి అడవివరం వరకు నడిచి, మిగిలిన దారి వాహనంలో వెళ్ళండి. చెప్పులు లేకుండా నడవాలన్న మొక్కు ఉంటే మొదటి వంద అడుగులు అలా నడిచి, తరువాత మెత్తని అడుగున్న బూట్లు వేసుకోండి. మర్నాడు మోకాలు వాచలేదంటే వచ్చే ఏటికి దూరం పెంచుదాం.

గాజువాక_విశ్రాంత | జూన్ 30, ఉదయం 5.50

అడవివరం దగ్గర మా సంఘం వాళ్లు ఏటా మజ్జిగ పందిరి వేస్తారు. ఈసారి నేను కూడా అక్కడే ఉంటాను. మీకోసం నాలుగు వేళ్లు ఎత్తైన కుర్చీ ఒకటి వేయించి ఉంచుతాను, టీచరమ్మ గారూ. మజ్జిగ తాగి చేతులు ఆనించకుండా లేవాలి. మనవడి భుజం మానేసి నేను కూడా నెల రోజులుగా అలాగే లేస్తున్నాను.